అత్త పైపు, కోడలి పైపు

మా అమ్మమ్మకి థర్మామీటరు మీద నమ్మకం లేదు. చిన్నప్పుడు నా నుదుటి మీద అరచెయ్యి పెట్టి, "బడి ఎగ్గొట్టేంత లేదు" అని తేల్చేసేది. అయినా నేను ఎగ్గొట్టాననుకోండి. అందుకే ఇప్పుడు ఆవిడ మెకానిక్ షెడ్డులో పానాలు అందిస్తున్నాను.

తాతయ్య పోయాక ఆ షెడ్డు ఆవిడే నడిపింది. ఇంజను వేడెక్కినా, చలికాలంలో హీటరు చల్లగాలి ఊదినా, కొండదారి డ్రైవర్లు ఆవిడ చేతికోసమే వచ్చేవాళ్ళు. ఇంజనులో కాగిన నీళ్ళు ఒక పైపులో హీటరుకి వెళ్ళి, ఇంకో పైపులో తిరిగి వస్తాయి. వెళ్ళే పైపుకి ఆవిడ పెట్టిన పేరు అత్త, వచ్చేదానికి కోడలు. రెండింటినీ రెండు చేతులతో పట్టుకుని రోగం చెప్పేసేది.

"అత్త మండితే కోడలూ మండాలి. అత్త మండిపడుతున్నా కోడలు చల్లగా కూర్చుందంటే, మధ్యలో ఎవరో అడ్డుపడ్డారన్న మాట."

ఎవరో అంటే హీటరులో పేరుకున్న మడ్డి. మా ఇంట్లో మాత్రం ఈ లెక్క కుదరదని మా అత్తయ్య అనేది, అమ్మమ్మకి వినపడనంత దూరంలో నిలబడి.

అయితే ఆ చేతులకి స్పర్శ పోతూ వచ్చింది. షుగరు జబ్బు. ముందు వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి, తర్వాత అరచేతులు. పొయ్యి మీది గిన్నెని మసిగుడ్డ లేకుండా దించుతుంటే, "అవి చేతులా పట్టకార్లా?" అని ఆటపట్టించాను. ఆవిడ నవ్వలేదు.

"షెడ్డులో ఈ మాట అనకు" అంది.

అనలేదు. చేతికి తెలియని మెకానిక్కి బండి ఎవరిస్తారు?

ఆ చలికాలంలోనే బక్కడ్రైవరు తన పాత టాక్సీ తెచ్చాడు. మనిషి సన్నం, మాట మెత్తన. వాళ్ళమ్మకి ఊపిరితిత్తుల జబ్బు. వారం వారం కొండ దాటించి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చల్లగాలి తగిలితే ఆవిడకి ఆయాసం ఎగదన్నుతుంది.

"హీటరు ఐసు ఊదుతోంది పెద్దమ్మా. రేపే ప్రయాణం" అన్నాడు.

ఇంజను ఆన్ చేయించి, అమ్మమ్మ రెండు పైపులూ పట్టుకుంది. మామూలు కంటే ఎక్కువసేపే పట్టుకుంది.

"అత్తాకోడళ్ళిద్దరూ మండుతున్నారు. నీళ్ళ దోషం కాదు. లోపల గాలి మళ్ళించే రేకు ఇరుక్కుంది."

డాష్‌బోర్డు విప్పి, ఆ రేకుకి నూనె పట్టించి బిగించింది. గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి, "వస్తోంది" అంది. బక్కడ్రైవరు కూడా చెయ్యి పెట్టాడు.

"చల్లగానే ఉన్నట్టుంది కదా పెద్దమ్మా?"

"కొంచెం దూరం పోనివ్వు, అదే కాగుతుంది."

అతను నా వైపు చూశాడు. నేను తల దించుకుని పానాలు సర్దాను. ఆవిడ చేతికి వేడి తెలియడం లేదని చెప్తే, ఆ షెడ్డుకి ఇంకో బండి రాదు.

మర్నాడు సాయంత్రం టాక్సీ తిరిగొచ్చి షెడ్డు ముందు ఆగింది. వెనక సీట్లో వాళ్ళమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని, పెదవులు నల్లబడి, ఒక్కో ఊపిరీ తోడుకుంటోంది. అతను దిగాడు కానీ కేకలెయ్యలేదు.

"దారంతా ఐసే. మధ్యలో ఒకచోట ఆపి, అమ్మ కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను" అన్నాడు, అంతే.

తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మమ్మ బానెట్ ఎత్తింది. ఇంజను ఇంకా తిరుగుతోంది. మళ్ళీ రెండు పైపులూ పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. అంతసేపు పట్టుకోవడం మనిషికి సాధ్యం కాదు. చూస్తుండగానే కుడి అరచెయ్యి అంచు ఎర్రబడింది.

"చెయ్యి తియ్యవే అమ్మమ్మా, కాలిపోతోంది" అన్నాను.

"ఏది?" అంది.

ఏ చెయ్యి అని అడిగింది. నేనే లాగేశాను. కుడి చెయ్యి బొబ్బలెక్కింది. కోడలి పైపు పట్టుకున్న ఎడమ చెయ్యి మామూలుగా ఉంది. ఆవిడ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

"మడ్డే" అంది చివరికి. తర్వాత బక్కడ్రైవరు వైపు తిరిగింది. "నాకు వేడి తెలియడం లేదు నాయనా. నిన్నా తెలియలేదు. తెలిసినట్టు చెప్పాను."

"నిన్నే చెప్తే ఇంకో చోటికి వెళ్ళేవాణ్ణి కదా పెద్దమ్మా."

"అందుకే చెప్పలేదు."

నేను మందు కోసం వెతుకుతుంటే, "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనే" అని, బాధ తెలియని ఆ చేతిని కుళాయి కింద పెట్టి, అక్కణ్ణించే పని చెప్పింది. ఇంజను చల్లారాక పైపులు నేను విప్పాను. కోడలి వైపు నుంచి నీళ్ళు ఎదురు పట్టించాను. ముందు చుక్క రాలేదు, తర్వాత తుప్పురంగు బురద కట్ట తెగినట్టు బయటికొచ్చింది. నీళ్ళు తేటపడేదాకా కడిగాను. కొత్త నీళ్ళు నింపి, రేడియేటరు మూత తీసే ఉంచి, బుడగలు ఆగేదాకా ఇంజను తిప్పాం.

"పట్టుకుని చెప్పు" అంది.

"అత్త మండుతోంది. కోడలూ మండుతోంది."

"నువ్వు సరిగ్గా చూశావా?"

"నా వేళ్ళు నాకున్నాయిగా" అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. ఆవిడ తల ఊపింది.

కారులో వెచ్చటి గాలి నిండింది. వెనక సీటులోని ముసలావిడ దుప్పటి తీసి, కిటికీ దించి, కుళాయి దగ్గర్నించి వచ్చిన అమ్మమ్మ తడి చెయ్యి అందుకుంది.

"నీ చెయ్యి ఎంత చల్లగా ఉందమ్మా" అంది.

"అవునా" అంది మా అమ్మమ్మ, ఆ చేతిని అక్కడే ఉండనిచ్చి. "నాకు తెలియదు. నువ్వే చెప్పాలి."