కూత వినకముందే ఊడ్చిన ఇల్లు

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ప్రతీక అంటే ఏమిటో ప్రతి ఏడాదీ బోర్డు మీద రాస్తాను, పిల్లలు ప్రతి ఏడాదీ ఫోన్లో ఫొటో తీసుకుంటారు, అంతటితో ఇద్దరి పనీ అయిపోతుంది. పాత కథలో మనిషికి బాధ కలిగితే రచయితే వచ్చి ఆ సంగతి చెప్పేవాడు. ఆధునిక కథ చెప్పదు. ఆ మనిషి చేతిలో ఒక వస్తువు పెట్టి పక్కకు తప్పుకుంటుంది. దానితో ఆ మనిషి ఏం చేస్తుందో చూసి, లోపల ఏముందో మనమే తెలుసుకోవాలి. ఇంత చక్కగా చెప్పే నేను నలభై దాటేదాకా ఒక్క కథా రాయలేదు. తీరా రాసిన మొదటి కథలో నేను పెట్టిన వస్తువు చీపురు.

మా అత్తవారిది కాజీపేట, రైల్వే ఇల్లు. మామయ్య రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. మనిషి బయటికి వెళ్లిన వెంటనే ఇల్లు ఊడవకూడదన్నది అందరిళ్లలో ఉన్నదే. ఊడిస్తే వెళ్లిన మనిషిని కూడా ఊడ్చేసినట్టని భయం. వేరే ఇళ్లలో వీధి మలుపు తిరిగేదాకా ఆగితే చాలు. మా అత్తమ్మ పద్ధతి వేరు. మామయ్య డ్యూటీకి గేటు దాటితే, స్టేషన్ వైపు నుంచి బండి కూత వినపడేదాకా చీపురు ముట్టేది కాదు. ఆ కూత మామయ్య బండిదే అని ఎవరు చెప్పగలరు? జంక్షన్ పక్కన ఇల్లు, బండ్లకేం కరువు? ఆ మాటే నేనంటే, "నాకు తెలుస్తది తియ్యి" అని కొట్టిపారేసేది. చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూత కోసం కూర్చునేది.

నా పెళ్లయిన కొత్తలో ఒక పొద్దున ఆమె ఆగలేదు. మామయ్య బూట్లు వేసుకుంటూ ఆమె పుట్టింటివాళ్లను ఏదో అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆమె టిఫిన్ డబ్బా అందించింది, గేటు దాకా వెళ్లింది, వెనక్కి వచ్చి చీపురు తీసుకుంది. లోపలి గది నుంచి గడప దాకా మూలమూలా ఊడ్చింది. చీపురు గోడకు ఆనించి, నడుము మీద చేయి పెట్టుకుని నిటారుగా నిలబడింది. అప్పుడు కూసింది బండి. వంటింటి తలుపు పక్కనున్న నేను గప్‌చుప్‌గా పోపు వేసుకున్నాను.

కథలో ఇదే రాశాను. రోజూ కూత కోసం ఆగే ఆమెను రెండు పేజీల్లో చూపించి, చివర్లో ఇలా ముగించాను: "ఆయన గేటు దాటాడు. ఆమె ఇల్లు ఊడ్చింది. తర్వాత బండి కూసింది." అంతే.

హన్మకొండలో నెలకోసారి కూర్చుని కథలు చదువుకునే చిన్న గుంపు మాది. దాన్ని నడిపే పెద్దాయన ఎమ్మేలో నాకు పాఠం చెప్పిన సారే. మా అందరి కథలతో ఆయన ఒక పుస్తకం వేస్తున్నారు. నా కథ చదివి ఫోన్ చేశారు.

"అమ్మా, ఆ బండి కూత జబర్దస్త్‌గ పెట్టినవు. ఎడబాటుకు ప్రతీక గద. కాని ఆమె మనసుల ఏమున్నదో తెలుస్తలేదు. చివర్ల జర ఒక పేరా రాయి. ఆమె కూసొని ఏడ్వాలె, ఇగ నాతోని కాదనుకోవాలె. అది లేకుంటే బుక్కుల పెట్టుడు కష్టం."

నాకు ఒళ్లు మండింది. కూత చెవులు పగిలేలా వినపడుతుంది కాబట్టి ఆయన దాన్ని పట్టుకున్నారు. చీపురు కంటికి ఆనలేదు. ఆడవాళ్లు ఇల్లు ఊడ్చారనో అంట్లు తోమారనో ఉంటే చాలామంది మగవాళ్లు ఆ వాక్యం మీంచి దూకేస్తారు, రోడ్డు మీద బురదను దాటినట్టు. నా మొదటి కథ అచ్చులో చూసుకోవాలని ఎంత ఆశగా ఉందో నాకే తెలుసు. కానీ ఆమెను ఏడిపించి పుస్తకంలోకి ఎక్కించడానికి మనసొప్పలేదు.

"సార్, వచ్చే మీటింగ్ల చదువుత. విన్నోళ్లకు సమజ్ కాకపోతె ఆ పేరా మీరే రాయుండ్రి. నేను నోరెత్తను" అన్నాను. ఆయన నవ్వి సరే అన్నారు.

ఆదివారం మీటింగుకు బయల్దేరుతుంటే అత్తమ్మ తనూ వస్తానంది. కోడలు మైకులో చదువుతుంటే చూడాలట. వద్దనడానికి ఏం వంక చెప్పను? ఇక నాకు రెండు దడలు. కథ ఎవరికీ అర్థం కాదేమోనని ఒకటి, అత్తమ్మకు మరీ బాగా అర్థమవుతుందేమోనని ఇంకొకటి.

చిన్న గది, నిండా జనం. అత్తమ్మ ముందు వరసలో కూర్చుంది. నేను ఆమె వైపు చూడకుండా చదివాను. "ఆమె ఇల్లు ఊడ్చింది" అన్న దగ్గర, కొంగుతో విసురుకుంటున్న ఒకావిడ చేయి ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో "అయ్యో, అప్పుడే ఊడ్చిందా" అన్నారు. నేను చివరి వాక్యం చదివేలోపే కుర్చీలన్నీ కదిలాయి.

ఆ తర్వాత మొదలైంది గొడవ. ఆయన తిరిగి రావద్దనే ఊడ్చిందని ఒకరు. అంత మాట లేదు, ఇన్నేళ్ల భయాన్ని ఊడ్చిందని ఇంకొకరు. ఏమవుతుందో చూద్దామని ఊడ్చిందని, చివరి వరసలో ఒక బ్యాంకు ఉద్యోగి. "మా అమ్మ గిట్ల చేస్తె మా నాయిన మల్ల ఇంట్లకు రాకపోయెటోడు" అన్నాడాయన, అందరూ నవ్వారు. లోపల ఏముందో తెలియడం లేదని సార్ అన్న మనిషి లోపలికి వెళ్లి గదంతా కొట్లాడుకుంటోంది. ఆమె కూర్చుని ఏడ్చి ఉంటే, పాపం అనుకుని అందరూ చాయ్‌కి లేచేవాళ్లు.

సార్ కాగితాలు తీసుకుని చివరి పేజీ మళ్లీ చదువుకున్నారు. కళ్లజోడు తీశారు.

"నేనెప్పుడు గేటు దాటి పోయినోన్నే అమ్మా. పోయినంక ఇంట్ల ఏమైతదో చూసింది లేదు" అన్నారు. "పేరా వద్దు. ఒక్క అక్షరం ముట్టను."

గెలిచాను. దాపరికం దేనికి, ఏనుగెక్కినంత సంబరమైంది. ఇన్నేళ్లుగా బోర్డు మీద రాసి తుడిచేసిన పాఠం ఆ రోజు నా కళ్ల ముందు నిజమైంది. సార్‌కి చాయ్ నేనే తెచ్చిచ్చాను, మహారాణిలా నడిచి వెళ్లి.

 ఆటోలో అత్తమ్మ కాజీపేట బ్రిడ్జి ఎక్కేదాకా కొంగు సర్దుకుంటూ కూర్చుంది. నా సంబరం కొంచెం కొంచెంగా దిగుతోంది. అప్పుడు అడిగింది.

"ఆ సార్ వద్దన్న పేరా ఏందది?"

"చివర్ల ఆమె కూసొని ఏడ్వాలన్నడు అత్తమ్మా. నేను రాయనన్న."

 ఆమె నా చేయి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"మంచిగ చేసినవు. నేను ఏడ్వలే బిడ్డా" అంది. "ఆ పొద్దు ఊడ్చినంక మస్తు ఆకలైంది. కడుపునిండ తిన్న."