నరసింహుడి కుడిచేయి

2011 దసరాకు ముందు రోజులు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సులు డిపో దాటడం లేదు. దిల్‌సుఖ్‌నగర్ సందులో నా దేవుడి బొమ్మల దుకాణం షట్టర్ సగం ఎత్తి, లోపల రిపేర్లు చేసుకుంటున్నాను. ఇత్తడి విగ్రహాలకు పాలిష్, కొయ్య బొమ్మలకు టచప్, అంటే పెచ్చులూడిన చోట మళ్ళీ రంగు వేయడం, నా పని.

ఆ మధ్యాహ్నం రాజ్యలక్ష్మి గారు చైతన్యపురి నుంచి నడిచి వచ్చారు. గుంటూరు వైపు వారు, రిటైరైన తెలుగు టీచరు. ఏటా దసరాకు ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు. తువ్వాలు విప్పి నరసింహుడి కొయ్యబొమ్మను బల్ల మీద పెట్టారు. ఒడిలో హిరణ్యకశిపుడు బాగానే ఉన్నాడు. దేవుడి కుడిచేయే మోచేతి దగ్గర విరిగిపోయింది.

"మెట్ల పక్క అటక మీంచి దించుతుంటే పెట్టె జారింది బాబూ. మిగతా తొమ్మిది అవతారాలూ దక్కాయి. ఈ చెయ్యి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు."

"కొత్తది తెప్పిద్దామంటే బండ్లు నడుస్తలేవు మేడమ్. చెయ్యి చెక్కుత గని, గోళ్ళతోనే కష్టం."

"గోళ్ళే కదయ్యా ముఖ్యం! ఏ ఆయుధంతోనూ చావకూడదని వాడు వరం అడిగాడు. అందుకే స్వామి గోళ్ళతో చీల్చాడు." నవ్వుతూ మొదలుపెట్టిన ఆమె ముఖం అంతలోనే వాడిపోయింది. "అయినా ఈసారి కొలువు ఎవరు చూస్తారులే. కింద ఉన్న సుగుణే రాదు."

రాజ్యలక్ష్మి గారు పైన అద్దెకుండే ఇంటికి సుగుణమ్మ ఓనరు. మాది, వాళ్ళది ఒకటే నల్లగొండ జిల్లా. ఏటా రాజ్యలక్ష్మి గారితో కలిసి నా దుకాణానికి వచ్చేది. ఆమె భర్త బస్సు కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. వారం కిందట రాజ్యలక్ష్మి గారి తమ్ముడు వచ్చి, టీవీ చూస్తూ, సమ్మె చేసేవాళ్ళంతా పనిదొంగలన్నాడట. కూర గిన్నెతో మెట్లెక్కి వస్తున్న సుగుణమ్మ చెవిన ఆ మాట పడింది. అట్నుంచి అటే వెనక్కి దిగిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మర్నాడు పొద్దున సుగుణమ్మ వచ్చింది. కొంగు ముడి విప్పి, విరిగిన చేయి నా అరచేతిలో పెట్టింది. అయిదు గోళ్ళూ ఉన్నాయి.

"ఊడుస్తుంటే మా చెప్పుల స్టాండ్ కింద దొరికిందన్నా. జర మంచిగ అతికియ్యి. నేనిచ్చిన అని మాత్రం చెప్పకు."

"నువ్వే పైకి పోయి ఇయ్యరాదా అమ్మా?"

"ఎట్ల పోత? తమ్ముడు అన్నడు సరే, గామె నోరు తెరిచి ఒక్క మాటన్న అన్నదా? దేవుని చెయ్యి పారెయ్య మనసొప్పలే. తెచ్చిన. గంతే."

చెప్పనని మాటిచ్చాను. రంపపు పొట్టులో చింతగింజల పిండి కలిపి చేసే ముద్దను మక్కు అంటాం. దాంతో చేయి అతికించి రెండు రోజులు నీడన ఆరబెట్టాను. ఇక ప్రైమర్ పూసి రంగు వేస్తే అతుకు కనబడదు. బ్రష్ తీసుకున్నవాణ్ణి మళ్ళీ కింద పెట్టేశాను. రంగు పడిందంటే, ఆ చేయి నేను చెక్కిందే అనుకుంటారు. సుగుణమ్మ పడిన తపన ఎవరికీ తెలియదు. ఇచ్చిన మాట తప్పలేను, అలాగని కప్పిపెట్టడానికీ మనసు రాలేదు. అతుకును అట్లాగే వదిలేసి, ఒకసారి వచ్చి చూడమని రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేశాను.

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని బొమ్మను వెలుతురులోకి తిప్పారు.

"ఇది పాత చెయ్యే! ఈ గోళ్ళకు ఎరుపు వేసింది మా వారు. ఎక్కడ దొరికింది?"

"చెప్పనని మాటిచ్చిన మేడమ్."

"సుగుణ తెచ్చిందా?"

నేను బ్రష్‌లు కడగడం మొదలుపెట్టాను. ఆమె స్టూలు మీద కూర్చున్నారు.

"హిరణ్యకశిపుణ్ణి చంపాక కూడా స్వామి కోపం చల్లారలేదయ్యా. దేవతలంతా దూరం నుంచే స్తోత్రాలు చేశారు. లక్ష్మీదేవి కూడా దగ్గరికి వెళ్ళడానికి జంకింది. చివరికి ప్రహ్లాదుడు వెళ్ళి కాళ్ళ మీద పడితే శాంతించాడు. బడిలో ఎన్ని వందలసార్లు చెప్పానో ఈ కథ! మా తమ్ముణ్ణి 'తప్పురా' అనలేకపోయాను. ఆ తర్వాతైనా కిందికి దిగి వెళ్ళాల్సింది నేనే కదా."

రంగు తర్వాత వేద్దువులే అని బొమ్మను తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయారు. ఏమవుతుందోనని నాకు ఆ రోజంతా పని మీద ధ్యాస లేదు.

రెండో రోజు సుగుణమ్మ ఫోన్. "అన్నా, ఆమెనే దిగి మా ఇంటికొచ్చింది. రంగు డబ్బాలు పట్టుకొని ఇంటికే రా. కొలువు పెడుతున్నం."

వెళ్ళేసరికి సుగుణమ్మ కొలువు మెట్ల మీద తెల్లబట్ట పరుస్తోంది. ఆమె భర్త గోడకు లైట్లు కడుతున్నాడు. తమ్ముడికి ఫోన్ చేసి గట్టిగానే చెప్పానని రాజ్యలక్ష్మి గారు అన్నారు. అతను మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదట. సమ్మె గురించి ఆడవాళ్ళిద్దరి అభిప్రాయాలూ కలవలేదు. నేను రంగు వేస్తున్నంతసేపూ దాని మీదే వాదించుకున్నారు.

"రేపు తెలంగాణ వస్తే మీరు పోతరా ఏంది?" అంది సుగుణమ్మ.

"నువ్వు మాట్లాడనన్ని రోజులూ ఇక్కడే ఉన్నాను. మాట్లాడుతుంటే ఎందుకు పోతానే?"

ఇద్దరూ నవ్వేశారు. ఎదురుగా కూర్చుని ఆ నవ్వులు వింటూ నరసింహుడి చేతికి రంగు పూర్తి చేశాను.

అతుకు కనబడకుండా చేయడమే పనితనమని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఏ బొమ్మ అతికించినా, రంగు వేసే ముందు ఇంటివాళ్ళను పిలిచి చూపిస్తాను. విరిగింది ఎక్కడో, బాగు చేయాలని తపించింది ఎవరో తెలుసుకునే అవకాశం వాళ్ళకు ఉండాలి. రంగు వేయడానికి ఒక రోజు ఆలస్యమైనా పరవాలేదు.