చెప్పకుండా వచ్చేసిన రోజు

ఎనభై తొమ్మిదిలో మేము ఆ గోధుమల ఊరికి చేరాం. మెల్‌బోర్న్ నుంచి కారులో నాలుగు గంటలు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, నేను ఆసుపత్రిలో నర్సుని. ఊళ్లో మన రంగు మొహాలు మావి రెండే. ఒక పసిపిల్ల కొట్లో నా చెయ్యి రుద్ది, రంగు తన వేలికి అంటిందేమోనని చూసుకుంది. దాని తల్లి సిగ్గుతో చచ్చిపోయింది గానీ నాకు నవ్వొచ్చింది. పెద్దవాళ్లు చూసీ చూడనట్టు చూసేవారు, ఏమీ అడిగేవారు కాదు. వార్డులో ఒక ఆదివాసీ ముసలమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "మీరు ఎవరి తాలూకు, సిస్టర్?" అంది. అచ్చం మా బాపట్ల అమ్మమ్మల్లాగే. ఆ రోజంతా నాకు హాయిగా ఉంది.

నిజం చెప్పాలంటే మమ్మల్ని ఎవరూ బాధపెట్టలేదు. నా గోల వేరు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో టీ ఇచ్చేవారు. ఆడవాళ్లు వంతులు వేసుకుని టీ కాచేవారు, కేకులు కోసేవారు, కప్పులు కడిగేవారు. నేను లేవబోతే చాలు, "నువ్వు కూర్చో లవ్, నువ్వు మా గెస్ట్‌వి" అనేది వంతులు వేసే పెద్దావిడ. మొదటి నెల మురిసిపోయాను. రెండేళ్లు గడిచినా గెస్ట్‌నే అంటే ఒళ్లు మండదూ? మా వైపు కొత్తల్లుడికైనా ఆర్నెల్లకి మర్యాదలు తగ్గిస్తారు.

"కూర్చోబెట్టి టీ ఇస్తుంటే ఏడుస్తావేంటే? స్కూల్లో నన్ను ఒక్కడూ కూర్చోమనడు," అనేవారు మా ఆయన.

"మీకేం, స్టాఫ్‌రూమ్‌లో మీ కప్పు మీకుంది. నేనెప్పటికీ చూడ్డానికొచ్చిన చుట్టాన్నేగా!" అనేదాన్ని.

అంతలో ఆ పెద్దావిడ భర్త కోతల మధ్యలో గుండె ఆగి పోయాడు. సమాధి కార్యక్రమం అయ్యాక అందరూ హాలుకి వచ్చారు. వాళ్లంతా నల్లబట్టల్లో, నేను మన పద్ధతిలో తెల్లచీరలో. చావు దగ్గర పని అందుకోవడానికి మా వైపు ఎవరి పిలుపూ అక్కర్లేదు. కొంగు దోపుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్లాను. ఆపే మనిషి ఆ రోజు ముందు వరసలో కూర్చుని ఏడుస్తోంది. రొట్టెలు కోశాను, టీలు అందించాను. మనసులో ఒక మూల సంతోషంగా కూడా ఉంది, అందుకు సిగ్గూ వేసింది.

పట్నం నుంచి వచ్చిన వాళ్ల చుట్టం ఒకాయన కప్పు తీసుకుంటూ, "మీది ఏ దేశం? ఎప్పుడు వెళ్లిపోతున్నారు?" అన్నాడు.

"నాలుగింటికి. నాకు డ్యూటీ ఉంది," అన్నాను.

పక్కనున్న వాళ్లు గతుక్కుమన్నారు. టైమైంది. ఎవరితోనూ ఒక్క ముక్క చెప్పకుండా బయటికి వచ్చేశాను.

ఆదివారం హాల్లో అందరూ నాతో మరీ మెత్తగా మాట్లాడారు. ఇద్దరు పోటీపడి నాకు కుర్చీ వేశారు. సంగతేమిటో మర్నాడు ఆయన స్కూలు నుంచి మోసుకొచ్చారు. "ఆ చుట్టం మాటకి నువ్వు హర్ట్ అయ్యి వాకౌట్ చేశావని ఊరంతా అనుకుంటున్నార్ట!"

చావు దగ్గర అలిగానా నేను! నాకు ఏడుపొచ్చేసింది. ముట్టుకుంటే కందిపోయే మనిషినని ముద్ర పడితే ఇక జన్మలో ఎవరూ నాకు చెంచా కూడా అందించరు. తెరిచిన తలుపు నేనే మూసుకున్నాననిపించింది.

బుధవారం మధ్యాహ్నం పెద్దావిడే మా ఇంటికి వచ్చింది. మొహంలో నవ్వు లేదు. కూర్చుంటూనే, "ఆ రోజు మాటైనా చెప్పకుండా ఎందుకు వెళ్లిపోయావు?" అంది.

"మా వైపు చావు దగ్గర వెళ్లొస్తానని చెప్పకూడదు ఆంటీ. మళ్లీ అలాంటి పని మీదే వస్తామన్నట్టు ఉంటుంది. అందుకే లేచి వచ్చేస్తాం. ఆయన మాటకి కాదు, ఒట్టు," అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మంచి పద్ధతే," అంది. అంతలోనే గొంతు పెంచింది. "అది సరే! సింకు నిండా అంట్లు వదిలేసి పోవడం కూడా మీ పద్ధతేనా? అన్నీ మా చెల్లెలే తోముకుంది. దానికి నడుం పట్టేసి ఇంకా లేవలేదు. వంటింట్లోకి వచ్చినదానివి పని మధ్యలో వదిలేసి పోతావా?"

"తప్పయింది ఆంటీ," అన్నాను తలొంచుకుని. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవలసి వచ్చింది.

సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టారో లేదో, "ఏవండీ, ఆవిడ నన్ను చెడామడా తిట్టిందండీ!" అని ఎదురెళ్లాను. ఆయన నా మొహంలోకి చూశారు. చేతిలో సంచి కింద పెట్టి, "ఏమని తిట్టింది? మొదటి నుంచీ చెప్పు," అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు.