రిఫరీ లేని పట్టు

ఈ సాయంత్రం రావులపాలెంలో, మా కొట్టు పక్క వీడియో గేమ్ షాపులో శ్రీను, అతని బావమరిది రాంబాబు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఆట ఆడుతున్నారు. తెరమీద శ్రీను బొమ్మ రాంబాబు బొమ్మ మెడ బిగించి గెలిచింది.

"మెడ పట్టుకుంటే ఓడిపోతారేంటి బావా? అంతా ఉత్తుత్తిదే," అన్నాడు రాంబాబు.

"అయితే రా," అని శ్రీను నిజంగానే అతని మెడ పట్టి నేలమీద పడేశాడు. రాంబాబు ఓడిపోయానంటూ నేలను చరిచాడు. ముఖం నల్లబడింది. అయినా శ్రీను వదల్లేదు. చివరికి పక్కనే నిలబడి చూస్తున్న నేనే ఆ చెయ్యి ఊడలాగాను.

"చచ్చిపోయేవాడు కదయ్యా! ఎందుకు వదల్లేదు?"

"గేములో రిఫరీ వచ్చి ఆపుతాడు కదండీ. అందుకే ఎవరైనా వచ్చి ఆపుతారని చూస్తన్నానండి."

రాంబాబు దగ్గుతూ లేచి, పక్కనున్న స్టూలుతో బావ మూతి పగలగొట్టాడు. చొక్కా అంతా రక్తం. ఈసారి నేను అడ్డుపడలేదు. మీరైతే పడేవారా?