దోనె కట్టినవాడికి పదహారు దెబ్బలు

గోదావరి నీళ్ళు దోసిట పట్టి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ఒక్క అక్షరం కల్పన లేదు. నన్నెరిగినవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

కొత్త కాలువలకు నీళ్ళు వదిలిన మూడో ఏట, తొలకరికి ముందు, నన్ను రాజోలు తాలూకాలో ఒక సర్కారు బడికి రెండో పంతులుగా వేశారు. పెద్ద పంతులుగారు లెక్కలూ, దస్తావేజులు చదవడమూ నేర్పేవారు, బెత్తం ఆయనది. ఓనమాలు దిద్దించడం, హాజరుపట్టీ రాయడం నా పని.

ఆనాటి బళ్ళలో ఒక ఆనవాయితీ ఉండేది. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో ‘శ్రీ’ రాసేవారు. రెండోవాడికి సున్న; మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరసగా. మా బళ్ళో పద్దెనిమిది మంది. కడపటివాడికి పదహారు!

ఆ కడపటివాడు రోజూ ఒక్కడే, పడవ నడిపే సరంగుగారబ్బాయి వీరన్న. లంక పిల్లలు పదకొండు మందిని దోనెలో పాయ దాటించేది వాడే. వాడు గెడ వేస్తే మొసళ్ళు తప్పుకుని దారిచ్చేవి. రేవు చేరగానే అందరూ దూకి బడికి పరుగెత్తేవారు. వీడు దోనె గుంజకు కట్టి వచ్చేసరికి ఆఖరు.

ఒకనాడు దెబ్బలు తిని, చెయ్యి దులుపుకుని, "రేపట్నించి ఈళ్ళని దింపేసి ఎల్లిపోతానండి. సదువొద్దండి," అన్నాడు. బళ్ళో వాడంత చురుకైనవాడు మరొకడు లేడు.

ఏం చేద్దామో పిల్లల్నే అడుగుదామన్నాను. పెద్ద పంతులుగారు పగలబడి నవ్వారు. "పిల్లల్నడిగి బడి నడుపుతారేంటండీ? రేపు గేదెనడిగి పాలు పితుకుతారా?"

అయినా అడిగాను. అబ్బో, ఏం గోల! సంత నయం.

"వంతులేసుకుని దోనె మేం కడతామండి!"

"నీకు ముడెయ్యడం వచ్చేంట్రా? మొన్న నువ్వు కట్టిన మేకేదీ?"

"ఇంకా దొరకలేదు!"

చివరకు బడి పక్కింట్లోనే ఉండి రోజూ ‘శ్రీ’ కొట్టేసే సుబ్బయ్య లేచాడు. "రేవే బడి గడప అనుకుందామండి. ఊళ్ళోవాళ్ళం అక్కడికే వస్తాం. దోనె ఒడ్డుకు తగిలితే అందరం ఒక్కసారే వచ్చినట్టు." బెత్తం వైపు చూసి, "పంతులుగారికీ అదే వరసండి," అన్నాడు.

"ఆయ్!" అన్నాయి పద్దెనిమిది గొంతులు.

మర్నాడు దోనె ఒడ్డుకు తగిలింది. సుబ్బయ్య అందరి చేతుల్లోనూ ‘శ్రీ’ రాశాడు. ఆ తరవాత తీరిగ్గా తాంబూలం నములుతూ వచ్చారు పెద్ద పంతులుగారు, పందొమ్మిదోవారు. నన్నెందుకో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. వరస ప్రకారం పదిహేడు దెబ్బలు! ఆయన బెత్తం వీరన్న చేతికిచ్చి అరచెయ్యి చాపారు.

వీరన్న బెత్తం చంకలో పెట్టుకుని, ఆ అరచేతిలో వేలితో సున్న చుట్టాడు. "రేపు పెందరాళే వచ్చేయండి, పంతులుగారూ."

మర్నాటి నుంచి దోనెకన్నా ముందే ఆయన రేవులో ఉండేవారు. వీరన్న చదువు మానలేదు.

నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఇది: బళ్ళో ఏది వంకరగా ఉందో నేలమీద కూర్చున్నవాళ్ళకు తెలుస్తుంది, బెత్తం పట్టుకున్నవాడికి తెలియదు.

ప్రమాణం చేశాను గనక ఇక ఒప్పుకోవాలి. మొసళ్ళు దారివ్వడం నిజమే. కల్పించింది రెండో పంతులునొక్కణ్ణే. ఆ బడికి ఉన్నది ఒకే పంతులు. "మమ్మల్నడగండి" అని లేచింది సుబ్బయ్య. గేదె మాట అన్నదీ, తాంబూలం నములుతూ వచ్చి చెయ్యి చాపిందీ నేను.