మా టీచర్ ఆర్డర్ పెట్టిన అంగి

మా టీచర్ పోయారన్న ఫోన్ వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో, ముక్కూమొహం తెలియని ఒకాయన వీపు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన కంప్యూటర్‌లో ప్యాంట్లు వెతుకుతున్నాడు. ఎక్కడ నొక్కాలో తెలియక తంటాలు పడుతున్నాడు. నేను నోరు మెదపకుండా ఆ తంటాలన్నీ రాసుకుంటున్నాను. బట్టలమ్మే వెబ్‌సైట్లు మామూలు మనుషులు వాడటానికి వీలుగా ఉన్నాయా లేవా అని చూడటమే నా ఉద్యోగం; మధ్యలో నేను సాయం చేస్తే లోపం బయటపడదు. జేబులో ఫోన్ వణికి వణికి ఆగిపోయింది. ఆయన్ని పంపించి బయటికొచ్చి తిరిగి చేస్తే టీచర్ చెల్లెలు ఎత్తింది.

"అక్క పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ తాగి, గట్లనే గోడకు ఒరిగింది" అంది.

ఏడుపొచ్చింది. కానీ నిజం చెప్పాలంటే, ఏడుపు కంటే ముందు నాకు ఒక చొక్కా గుర్తొచ్చింది. ఆ చొక్కా సంగతి ఇక ఆమెకు చెప్పలేను కదా అనిపించింది. ఆమెను తెలిసిన వాళ్లు ఆమె మంచితనం గురించి చాలా చెప్తారు. నేనూ చెప్తాను, చొక్కా దగ్గరికి వచ్చేలోగా.

ఎనభైల్లో బోధన్‌లో మా బడి చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి పోయే దారిమీద ఉండేది. చెరుకు కొట్టే కాలం వస్తే మాకు చదువు మీద ధ్యాస ఉండేది కాదు. బండి చప్పుడైతే చాలు, వెనక బెంచీలు ఖాళీ. గడలు గుంజుకుని మేం తిరిగొచ్చేసరికి టీచర్ గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉండేవారు. "చక్రం కింద పడి చస్తే మీ అవ్వకు నేనేం జవాబు చెప్పాలెరా?" అని అందరి వీపులూ మోగించి, చివరికి, "నాకో ముక్క ఏది?" అని చెయ్యి చాచేవారు.

ఆమె సంచిలో హాజరు పట్టీ ఉన్నా లేకున్నా సూది, తెల్లదారం, పాత పౌడరు డబ్బా నిండా గుండీలు మాత్రం ఉండేవి. మాలో సగం మంది అంగీలకు గుండీల బదులు పిన్నీసులే. ఒంటిమీదుండగా బట్ట కుట్టొద్దంటారు. ఆమె అవేమీ పట్టించుకునేవారు కాదు. పిల్లాణ్ని ముందు నిలబెట్టి, "ఎక్కం చదువు, కదిల్తే కుచ్చుకుంటది" అనేవారు. ఎక్కం అయ్యేసరికి గుండీ పడేది. దారం పళ్లతో కొరుకుతున్నప్పుడు ఆమె తల మా గడ్డం కింద ఉండేది, కొబ్బరినూనె వాసన వేసేది. ఏడో ఎక్కం నాకు ఇప్పటికీ ఆ వాసనతోనే గుర్తుంది.

ఒక ఆగస్టు పదిహేనుకు నాకు తెల్లంగి లేదు. మా అవ్వ బీడీలు చుట్టేది, బాపు చెరుకు కొట్టే కూలికి పోయేవాడు. పసుపెక్కిన అంగితో వరసలో అందరి వెనక దాక్కున్నాను. టీచర్ చూసి, పక్కింట్లోంచి ఎవరిదో తెల్లంగి అడిగి తెచ్చి తొడిగారు. మోకాళ్లదాకా వచ్చింది. నేను ఏడుపు మొహం పెడితే, "పెద్దగైతే ఏందిరా, నువ్వు పెరుగుతవ్ గదా" అన్నారు.

ఇంకొకటి చెప్పాలి. ఎవరైనా పద్యం మధ్యలో ఆగిపోతే ఆమె చూస్తూ ఊరుకోలేకపోయేవారు. మొదటి అక్షరం పెదవులతో అందించేవారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దసారు ముందే నాకు అలా అందించారు. "మీరు అందిస్తే అది పరీక్ష ఎట్లయితది?" అని ఆయన కోప్పడ్డాడు. "అందియ్యకపోతె నేనెందుకు సార్ ఈడ?" అన్నారామె. అలాంటి మనిషి చేతికింద చదువుకున్న నేను అందించకుండా కూర్చునే ఉద్యోగంలో చేరాను.

పోయిన దసరాకు ముందు మా కంపెనీకి ఒక కొత్త బట్టల వెబ్‌సైట్ పని వచ్చింది. చిన్న ఊళ్ల వాళ్లతో వాడించి చూడాలన్నారు. నిజామాబాద్ బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్ మాట్లాడాను. రిటైరైన టీచర్ అయితే బాగుంటుందని ఆమెను పిలిచాను. కలిసినట్టూ ఉంటుంది, నా పనీ అవుతుంది అనుకున్నాను. ఆమె ఇస్త్రీ చేసిన గంజిచీర కట్టుకుని బోధన్ బస్సు దిగారు. చేతిలో పెన్ను ఉంది.

"పరీక్ష అన్నవ్ గదా, తెచ్చుకున్న" అన్నారు.

అందరికీ చదివినట్టే ఆమెకూ కాగితం చదివి వినిపించాను. పరీక్ష మీకు కాదు, వెబ్‌సైట్‌కు. ఇది నమూనా, ఇందులో కొన్నవేవీ నిజంగా రావు. ఆమె తల ఊపారు. పరీక్ష హాల్లో చదివే సూచనలకు పిల్లలు ఎలా ఊపుతారో అలా. వాళ్ల మనసు అప్పటికే ప్రశ్నాపత్రం మీద ఉంటుందని అన్నేళ్లు బెంచీల మీద కూర్చున్న నాకు తెలియదా?

దగ్గరివాళ్ల కోసం ఒక చొక్కా ఎంచుకుని మీ ఇంటికి తెప్పించుకోండి అన్నది ఆ రోజు పని. ఆమె ఇంకెవర్నీ తలుచుకోలేదు. "నీకే తెప్పిస్త" అన్నారు. తెల్లదాన్నే వెతికారు. కొలత దగ్గర ఇంగ్లీషు అక్షరాలు చూసి నావైపు తిరిగారు. "నీ కొలత ఏందిరా?"

నా కొలత నేను చెప్పకూడదు. "మీకెట్ల తోస్తె అట్ల చేయుండ్రి టీచర్" అన్నాను, అందరికీ అనే మాటే.

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, లేచొచ్చి నా భుజాల మీద జానలు వేసి కొలిచారు. పొట్ట మీద ఒకటి తట్టి, "పెద్దదే పెడత. ఇంక పెరిగేటట్టున్నవ్" అని నవ్వారు. నేను అది కూడా రాసుకున్నాను.

అడ్రసు దగ్గర ఇరుక్కుపోయారు. నింపి నొక్కగానే నింపిందంతా పోయి ఎర్ర అక్షరాలు వచ్చాయి. మళ్లీ నింపారు, మళ్లీ ఎర్ర అక్షరాలు. పిన్‌కోడ్ గడి తెర కిందికి జరిపితేగాని కనబడదు. అది నాకు తెలుసు. "కిందికి జరపండి" అని ఒక్క మాట చాలు. జీవితమంతా ఎర్రసిరాతో దిద్దిన మనిషికి ఆ ఎర్రరంగు ఎలా తగిలిందో ఆమె మొహంలో కనబడుతూనే ఉంది. "తప్పువోతున్న బిడ్డా. నీ పని ఖరాబ్ చేస్తున్న" అన్నారు. నావైపు చూశారు. బోర్డు దగ్గర ఆగిపోయిన పిల్లాడు ఆమె పెదవుల వైపు ఎలా చూసేవాడో అచ్చం అలా చూశారు. నా పెదవులు కదల్లేదు.

చాలాసేపటికి ఆ గడి ఆమే కనుక్కున్నారు. డబ్బులు పార్సిల్ వచ్చాక ఇచ్చే పద్ధతి పెట్టుకున్నారు. మీ ఆర్డర్ అందింది, త్వరలో మీ ఇంటికి చేరుతుంది అని తెరమీద పడింది. ఆమె ఇంగ్లీషు కూడబలుక్కుని చదివి, "వస్తదట రా!" అని చప్పట్లు కొట్టారు. కాగితంలో చదివింది ఆమెకు ఎక్కలేదని నాకు అక్కడే అర్థమైంది. బయట తన వంతు కోసం ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. "అవును టీచర్" అని బస్సెక్కించి వచ్చాను.

ఆ ఎర్ర అక్షరాల గోల చూసి వెబ్‌సైట్ వాళ్లు ఆ పేజీ మొత్తం మార్చారు. నన్ను మెచ్చుకున్నారు. ఆమె పడిన అవస్థకు మెప్పు నాకొచ్చింది.

దీపావళి దాటాక ఫోన్ చేశారు. "అంగి ఇంక రాలె బిడ్డా. ఇంటి నంబర్ తప్పు రాసిన్నా ఏంది?" తప్పు తనదే అనుకుంటున్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. మీరు కొన్నది ఉత్తుత్తి చొక్కా అంటే చిన్నబోతారనుకున్నాను. చిన్నబోయేది నేనే అని ఇప్పుడు తెలుస్తోంది. "లేటయితది టీచర్, వస్తది" అన్నాను. తరవాత, ఎక్కడో ఒకచోట తెల్లచొక్కా కొని పార్సిల్ చేసేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. హైదరాబాద్‌లో బట్టల దుకాణాలకు కరువా? రేపు మాపు అంటూనే చలికాలం వెళ్లిపోయింది. ఇంకోసారి ఫోన్ చేసినప్పుడు ఆమె చొక్కా మాటే ఎత్తలేదు. మరిచిపోయారనుకుని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ హాయికి ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

పదో దినానికి బోధన్ వెళ్లాను. అన్నాలయ్యాక వాళ్ల చెల్లెలు నన్ను లోపలికి పిలిచింది.

"నీ అంగి వస్తదని ఇల్లు ఇడిసి పోలేదు బిడ్డా. తాళం చూసి పార్సిలాయన వాపస్ పోతడనేది. కార్తీకంల కందకుర్తికి పోయి గోదారి గంగల మునిగొద్దాం రాయే అంటే, అంగి రానీ పోదామన్నది. మొన్న బూడిద కలుపనీకి ఆడికే పోయినప్పుడు గదే యాదికొచ్చింది నాకు."

నేను అక్కడే కూలబడి అంతా చెప్పాను. నమూనా అని, ఎప్పటికీ రాదని, నాకు తెలుసని. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"చెప్తే నవ్వేది రా అక్క" అందామె. "పొట్ట పట్టుకొని నవ్వేది. గంతే."

తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని గోడ వైపు చూపించింది. "బజారు అంగీల గుండీలు నిలువయి, రాంగనే గట్టిగ కుట్టాలె అని దారం ఎక్కిచ్చి పెట్టింది. తీయబుద్ధయితలేదు."

క్యాలెండర్ పైఅంచున సూది గుచ్చి ఉంది. దాని కింద గూట్లో పాత పౌడరు డబ్బా. సూదికున్న తెల్లదారం పొడుగ్గా వేలాడుతూ, ఫ్యాన్ గాలికి మెల్లగా కదులుతోంది.