‘ఏం లేదులే’ అంటే ఒప్పుకోని మా అత్త

ఆ రోజు పొద్దున మా మేనత్త నెంబరు నుంచి ఫోను మోగగానే నాకు భయమేసింది. ఆమెకు చెవులు వినపడవు. ఏళ్ళ తరబడి చెప్పాల్సింది రాసి పంపడమే తప్ప ఒక్కసారి కూడా ఫోను చేయలేదు. ఎత్తితే ఆమె కూతురు, మా వదిన. “అమ్మ పోయింది మే. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే” అంది. కావలిలో నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతున్నదాన్ని, అలాగే బస్సెక్కి కోవూరు వెళ్ళాను.

అత్త నలభై ఏళ్ళు వరి నాట్లేసింది. పదిహేనుమంది ఆడవాళ్ళ ముఠాకు ఆమే పెద్ద. ఆమె కేకేస్తే రెండు వరి కయ్యల అవతలికి వినపడేది. అలాంటి మనిషికి అరవై ఐదు దాటాక వినికిడి కొద్దికొద్దిగా పోయింది. వదిన చెవి మిషను కొనిస్తే, “ఇందులో మనుషుల మాట కంటే ఫ్యాను మోతే ఎక్కువ” అని డబ్బాలో పెట్టేసింది.

ఆ తర్వాత మేం చేసిన పని మాకే తెలియలేదు. ఇంట్లో నలుగురం కూర్చుని ఏదో ఒక సంగతి అరగంట మాట్లాడుకునేవాళ్ళం. ఆమె మా మొహాలు మార్చి మార్చి చూసి “ఏందిమే?” అనేది. మేం చెయ్యి ఊపి “ఏం లేదులే” అనేవాళ్ళం. ఆ మాట ఒక్కటి మాత్రం పెదవులు చూసే పట్టేసేది. ఒకరోజు నా మీద లేచింది.

“ఏం లేకపోతే అంతసేపు ఏం మాట్లాడుకున్నారు? నాకు చెవులు పోయినాయి గానీ, మనిషిని ఉండా కదా!”

మెసేజీలు పంపుకోవడానికి వదిన ఆమెకు ఒక ఫోను ఇచ్చింది. ఐదో తరగతి దాకా చదివిన మనిషి కాబట్టి, అక్షరాలు వెతుక్కుంటూ ఒక్క వేలితో కొట్టేది. ఒక సాయంత్రం ఆ వేలు జారి మైకు బొమ్మ మీద పడింది. ఎదురుగా టీవీలో వార్తలు వస్తున్నాయి. వార్తలు చదివే అమ్మాయి మాటలన్నీ ఫోనులో అక్షరాలుగా పడటం మొదలైంది. ఎవరూ నేర్పకుండానే అత్త కనుక్కున్న సంగతి అది. వెంటనే నాకు రాసింది: “టీవీలో పిల్ల మాట్లాడేది నా ఫోన్లో పడతా ఉంది. ఆదివారం రా. నువ్వు కూడా మాట్లాడు.”

వెళ్ళాను. ఫోను నా నోటి దగ్గర పెట్టింది. “ఎట్లున్నావత్తా?” అన్నాను. చదివింది, నన్ను చూసింది, మళ్ళీ చదివింది. “ఇంకా మాట్లాడు” అంది. ఆ రోజు మా భోజనాలు మూడింటికి అయ్యాయి.

అన్నీ అంత సులువుగా జరగలేదు. ఆ ఫోనుకు వార్తల తెలుగు వచ్చు, మా తెలుగు రాదు. ముఠాలో ఆమె జతగత్తె ఒకామె వచ్చి “పొద్దున్నే నారు పీకినాం” అంటే, “పొద్దున్నే నోరు పీకినాం” అని పడింది. ఇద్దరూ కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. “దీనికి మన మాట రాదు. ఓపిగ్గా చెప్తే అదే నేర్చుకుంటుంది” అంది అత్త. ఇంట్లో మాకు కొత్త పద్ధతి పెట్టింది. ఒకరి తర్వాత ఒకరే మాట్లాడాలి. మధ్యలో మైకు ఆగిపోతే చెయ్యెత్తేది, అందరం ఆగాల్సిందే. అంగళ్ళలో, ఆఫీసుల్లో కూడా అంతే. ఒకచోట ఎవరో విసుక్కుని “ముసలామెకు ఫోను పిచ్చి” అన్నాడు. ఫోను దాన్నీ రాసింది. అత్త చదివి, “పిచ్చి కాదు నాయనా, చెవుడు. మళ్ళీ చెప్పు” అంది.

పోయినేడాది ఆమెకు ఆయాసం మొదలైంది. నెల్లూరులో గుండె డాక్టరుకు చూపించాం. పరీక్షల కాగితాలు వచ్చాక నేను ముందుగా లోపలికి వెళ్ళి, “ఆమెకేం చెప్పొద్దు సార్, కంగారుపడుతుంది. మాకు చెప్తే చాలు” అన్నాను. తర్వాత అత్త వచ్చి కూర్చుంది. డాక్టరు నా వైపు తిరిగి మాట్లాడబోయాడు. బల్ల మీదుగా ఫోను చాపింది.

“రోగం నాది సార్. నాకు చెప్పండి.”

ఆయన ఫోనును దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత నిదానంగా చెప్పాడు. “గుండెలో ఒక కవాటం బిగిసిపోయిందమ్మా. ఆపరేషన్ చేయొచ్చు, మీకున్న ఇబ్బందుల వల్ల అందులో ప్రమాదం ఉంది. చేయకపోతే మందులతో కొన్నాళ్ళు నడుస్తుంది. ఎన్నాళ్ళో నేను చెప్పలేను.”

“కవాతు ఏంది సార్?” అంది అత్త, అద్దాలు సర్దుకుని ఫోనులో పడింది చదువుతూ. డాక్టరు లేచి ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని, కాగితం మీద గుండె బొమ్మ గీసి చూపించాడు.

బయటికి వచ్చాక బెంచీ మీద కూర్చుని, “నువ్వు ముందే పోయి ఏం చెప్పొచ్చినావో నాకు తెలుసు మే. నా గుండె సంగతి నీకు తెలిసి, నాకు తెలియకుండా ఉండటం న్యాయమా?” అంది. నేనే మైకు నొక్కి “తప్పయిందత్తా” అన్నాను. ఆ మాటను ఫోను తప్పు లేకుండా రాసింది.

ఇంటికొచ్చాక డాక్టరు అన్నదాని మీద పెద్ద వాదన. చేయించమన్నాడని ఒకరు, వద్దన్నాడని ఒకరు. అత్త చెయ్యెత్తింది. “మీరు విన్నారు, మర్చిపోయినారు. నాది ఇక్కడుంది” అని ఫోనులోంచి ఆయన మాటలన్నీ పైకి చదివింది. రెండు రోజులు ఆ మాటలే మళ్ళీ మళ్ళీ చదువుకుంది. మూడో రోజు ఆపరేషన్ వద్దంది. “మందులేసుకుంటా. ఉన్నన్నాళ్ళు నా కాళ్ళ మీద తిరుగుతా. ఇది మీరు చెప్పింది కాదు, నేను అనుకున్నది” అంది. వదిన ఏడ్చింది. నాకూ, ఆమె వేరే దారి ఎంచుకుని ఉంటే బాగుండేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ నిర్ణయం తీసుకునే హక్కు ఆమె చేతిలోంచి జారిపోకుండా ఆమే కాపాడుకుంది. దాన్ని లాగేసుకోబోయింది నేనే. ఈమధ్య మా బడికి పిల్లల అవ్వలెవరైనా వస్తే, తోడొచ్చినవాళ్ళతో కాకుండా ఆ అవ్వతోనే మాట్లాడుతున్నాను. అది ఆమె నేర్పిందే.

చివరిసారి ఆమెను చూసింది నాట్ల రోజుల్లో. నాట్లు చూడాలని పట్టుబట్టి వదినతో ఆటోలో పొలం దగ్గరికి వచ్చింది. నేను బస్సు దిగి రోడ్డు మీద నుంచి చూస్తే, గట్టు మీద గొడుగు కింద కూర్చుని ఉంది. సముద్రపు గాలి గట్టిగా వీస్తోంది. వరస పూర్తిచేసిన ఒకామె కయ్యలోంచి గట్టెక్కి ఆమె దగ్గరికి వచ్చింది. చేతులు మోచేతుల దాకా బురద. ఆ బురద ఫోనుకు అంటకుండా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, నడుం వంచి, మొహం దగ్గరికి తెచ్చి ఏదో చెప్తోంది. ఆమె వెనకాల ఇంకొకామె, అలాగే చేతులు వెనక్కి పెట్టుకుని, తన వంతు కోసం నిలబడి ఉంది. గాలికి వాళ్ళ మాటలు నా దాకా రాలేదు. అత్త మాత్రం ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, తల వెనక్కి వాల్చి నవ్వింది.